మార్పిడి రోజు

ఉమ్మడి తోటలో పనిముట్ల షెడ్డు. మిట్టమధ్యాహ్నం. లోపల అత్తా కోడలూ. తలుపు బయట కొడుకు.

"గడియ పడిందా అత్తయ్యా?"

"పడింది. నువ్వు ముందా తలుపు దగ్గర్నుంచి ఇటు జరుగు. ఏదీ, చెయ్యి తియ్యి, చెవి చూడనీ."

"వద్దు. ముట్టుకోకండి."

"తియ్యమంటుంటే! అయ్యయ్యో... కమ్మ పట్టుకు లాగేశాడే. తమ్మె రెండుగా చీలిపోయింది. ఇదిగో, ఈ కొంగు అదిమి పట్టుకో. ఇంకా గట్టిగా. కిందికి చూడకు, కళ్ళు తిరుగుతాయి."

"నాకేం తిరగవు. కొత్తగా చూస్తున్న రక్తమా ఏమన్నానా?"

"అమ్మా! తలుపు తియ్యి."

"వచ్చేశాడు. నువ్వు నోరెత్తకు, నేను మాట్లాడతా. ఏంట్రా?"

"ఏంట్రా ఏంటి? తియ్యి. దాంతో మాట్లాడాలి."

"మాట్లాడింది చాల్లే. కుళాయి దగ్గరికెళ్ళి మొహం కడుక్కో. భోజనాల వేళయింది, అందరూ వస్తారు."

"ఎవడూ రాడు. అందరూ ఆ చివర కొమ్మలు ముక్కలు చేసే మిషను దగ్గరున్నారు. దాని రొదలో మీరిద్దరూ గొంతు చించుకున్నా ఎవడికీ వినపడదు. తియ్యమ్మా, మర్యాదగా చెప్తున్నా."

"చేతిలో అదేంట్రా?"

"గునపం."

"లోపల ఉండాల్సిన గునపం నీ చేతిలో ఎందుకుంది?"

"తలుపు తీస్తే లోపలే పెడతా."

"విన్నారా అత్తయ్యా? ఎంత సరదాగా మాట్లాడుతున్నాడో మీ అబ్బాయి."

"ష్! రెచ్చగొట్టకు. ఇటు విను అమ్మాయ్. మిషను ఆగిందంటే అందరూ ఇటే వస్తారు. పనిముట్లన్నీ షెడ్డులోకి చేరి, తోట పెద్ద మాస్టారు లిస్టు చదివి, నేను ఒక్కొక్కటీ లెక్క ఒప్పజెప్పిందాకా ఎవరూ కంచం ముట్టుకోరు కదా. అప్పటిదాకా ఓర్చుకున్నావంటే చాలు. వాళ్ళొచ్చి ఏమైందని అడిగితే, నిచ్చెన పడిందని చెప్పు."

"ఏం పడింది?"

"నిచ్చెన. మీద పడింది, కమ్మకి తగులుకుని చెవి చిరిగిందని చెప్పు."

"ఆయన బయట నన్ను చంపడానికి నిలబడితే, మీరు లోపల కూర్చుని కథలల్లుతున్నారా?"

"చంపడు. కాసేపటికి తగ్గుతాడు. ఎప్పుడూ తగ్గుతాడుగా. నా చెయ్యి విరిగినప్పుడూ నిచ్చెనేగా. మీ పెళ్ళికి ముందు ఏడు. ఇదిగో, మణికట్టు ఈనాటికీ వంకరే, తోటలో అందరూ ఎరుగుదురు. ఇంకోసారి నిచ్చెన పడిందంటే ఎవరూ నోరెళ్ళబెట్టరు."

"అమ్మా, పది లెక్కపెడతా."

"లెక్కపెట్టుకో! ఇంత వయసొచ్చింది, ఇంకా ఆ మొండితనమేనా?"

"పది అక్కర్లేదులే."

"అమ్మో! అత్తయ్యా, పై బందు కదిలింది!"

"కదలనీ. ఆ తట్టలన్నీ తెచ్చి ఇక్కడ పెట్టు. అవి కాదు, ఎరువు బస్తా. లాగు. నేనూ పడతా, లాగు!"

"ఒంటి చేత్తో ఏం లాగుతాను? ఇంకో చెయ్యి చెవి మీద పెట్టమన్నారుగా."

"చెవి సంగతి తర్వాత! లాగు!"

"ఒసేయ్, లోపల సామాన్లు సర్దుతున్నావా? సర్దడం నీకు బాగా వచ్చులే. నీ మడిలో దొరికిన ఈ డబ్బాలో ఎంత ముచ్చటగా సర్దావో చూడు. చదవనా? అమ్మా, నువ్వూ విను. పదో తరగతి సర్టిఫికెట్టు. కుట్టు పని సర్టిఫికెట్టు. బస్సు టిక్కెట్టు, ఎల్లుండి కాదు ఆవలెల్లుండి, బుధవారం పొద్దున ఆరింటికి. ఒక్కరికి. ఒక్కరికేనా? ఆరేళ్ళు తిండి పెట్టిన మొగుడు అక్కర్లేదా?"

"తిండి నా కుట్టుమిషను పెట్టింది నాకు."

"నిన్ను నోరెత్తొద్దన్నానా లేదా!"

"ఇక ఈ ఫోటోలు. ఇది వీపు. ఇది మోచెయ్యి. ఇదేంటో, ఆఁ, మెడ. వెనకాల తేదీలు కూడాను. ఆ నాలుగో మడి నర్సమ్మ రాత కదూ? గుండ్రంగా బాగుంది. మొత్తం పదకొండు."

"మిగతావి తీయించుకోవడానికి ఓపిక లేకపోయింది."

"చూశావా అమ్మా, ఎలా వాగుతోందో! నువ్వేమో దాన్ని దాస్తున్నావు."

"అన్నీ మా మాస్టారి పుణ్యం. పాపం, ఆయన్నని ఏం లాభం? పద్ధతి ప్రకారమే చేశాడు. మార్పిడి రోజు ఎవరి మడి వాళ్ళు తవ్వకూడదు, చీటీ తీసి ఇంకొకరి మడి ఖాళీ చెయ్యాలి, మట్టిలో ఏం దొరికినా తెచ్చి కుళాయి పక్క బల్ల మీద పెట్టాలి. పోయినేడు నేను వాళ్ళావిడ గరిటె తీశాను. ఎంత నవ్వుకున్నాం! ఇవ్వాళ నా మడి ఆయనకి పడింది. డబ్బా మూత తీసి అందరి ముందూ పైకెత్తి, ఈ నిధి ఎవరిదండీ అన్నాడు."

"మాట్లాడకమ్మా, రక్తం ఎక్కువ పోతోంది."

"ఈయన ముందుకొచ్చి, మా ఆవిడదేనండీ అని నవ్వుతూ అందుకున్నాడు. ఆ నవ్వు చూసే నా పై ప్రాణాలు పైనే పోయాయి. అందరూ కొమ్మల మిషను దగ్గరికి వెళ్ళిందాకా ఆగి మీద పడ్డాడు."

"ఇంట్లో దాచుకోవలసింది."

"ఏ ఇంట్లో? బియ్యం డబ్బా అడుగుదాకా వెతికే మనిషున్న ఇంట్లోనా? ఈ భూమ్మీద నాదంటూ ఉన్నది ఆ నాలుగడుగుల మడి ఒక్కటే అత్తయ్యా. అక్కడ దాచాను. ఆయన ఆరేళ్ళలో ఒక్కనాడు ఈ గేటు దాటలేదు. మార్పిడి వచ్చే ఆదివారం కదా, బుధవారం పొద్దున్నే తవ్వి తీసుకుని అటు నుంచి అటే పోదామనుకున్నా. తీరా నిన్న సాయంత్రం తెలిసింది, మార్పిడి ముందుకి జరిగిందని."

"వానొస్తుందన్నారు."

"ఎవరన్నారు?"

"అందరూ అన్నారు."

"ఆ రేకు సందులోంచి చూడండి. మబ్బు తునకైనా ఉందా?"

"నాకేం తెలుసు! వానొస్తుందన్నారు, జరిపారు."

"నిన్న సాయంత్రం బొరిగె కావాలి, షెడ్డు తాళం ఇవ్వండి అత్తయ్యా అని అడిగాను. రేపెలాగూ తవ్వుతారుగా, ఇప్పుడెందుకూ అన్నారు."

"అన్నాను. అయితే?"

"ఏం లేదు. అన్నారు అంటున్నా."

"అమ్మా, జరుగు! తలుపుకి అడ్డం నిలబడకు, చెప్తున్నా!"

"ఏం చేస్తున్నాడు? అత్తయ్యా, తలుపుకేసి వీపు పెట్టకండి! ఇటు రండి! ఇటు... అబ్బా!"

"తగిలిందా? ఎక్కడ?"

"జబ్బ గీసుకుపోయింది. చెక్కలోంచి గునపం ఇంత పొడుగు లోపలికొచ్చింది. మీరక్కడే ఉంటే వెన్నులో దిగేది."

"ఒరే! నన్ను పొడుస్తావుట్రా! కన్నతల్లిని!"

"జరగమన్నానుగా! చెబితే వినవు, మళ్ళీ నన్నంటావు. ఎప్పుడూ ఇంతే నువ్వు. నువ్వు చేసేవన్నీ చేసి, చివర్లో నేనే పాపాత్ముణ్ణి."

"నేనేం చేశాన్రా?"

"ఏం చేశావా? ఒసేయ్, నువ్వు అడగవేం? ఆరేళ్ళలో ఈ మట్టి తొక్కనివాడు ఇవ్వాళ ఎందుకొచ్చాడని అడగవేం?"

"ఎందుకొచ్చారు?"

"నీ పక్కనే ఉందిగా, దాన్నడుగు."

"అత్తయ్యా?"

"వాడి మాటలు పట్టించుకోకు. పిచ్చెక్కింది వాడికి."

"మీరేం చెప్పారు ఆయనకి?"

"ఏం చెప్పలేదు."

"ఏం చెప్పారు?"

"తోటకి రమ్మన్నా. అంతే. అందరూ వస్తారు, నువ్వూ రా అన్నా. అంతే."

"అంతేనా అమ్మా? నీ పెళ్ళాం మడిలో ఏదో పాతిపెట్టింది, ఆదివారం తవ్వుతారు, కళ్ళారా చూసుకో అన్లేదూ?"

"నోర్ముయ్‌రా!"

"అన్నారా అత్తయ్యా?"

"ముందా కొడవలి కింద పెట్టు."

"అన్నారా?"

"పదునుగా ఉంది అది, ఎక్కడో కోసుకుంటావు. కింద పెట్టు తల్లీ."

"కోసుకోను. కోస్తా. మీకెలా తెలిసింది?"

"బొరిగె."

"బొరిగేంటి?"

"పోయిన మంగళవారం నువ్వు బొరిగె తెచ్చి కొక్కేనికి తగిలించావు. అంచున తడిమట్టి ఉంది. నీ మడిలో పంట పీకేసి పదిరోజులైంది, నీళ్ళు పెట్టడం ఎప్పుడో మానేశావు. పైమట్టి పొడిపొడిగా ఉన్న మడిలో తడిమట్టి ఎక్కణ్ణించొస్తుంది? లోతు నుంచొస్తుంది. నువ్వెళ్ళాక పోయి చూశాను."

"చూసి?"

"టిక్కెట్టు చూశాను."

"ఫోటోలు?"

"చెప్పాగా, టిక్కెట్టు చూశానని."

"ఫోటోలు చూశారా లేదా?"

"చూశా."

"పదకొండూ?"

"పదకొండూ చూశా! చూసి మళ్ళీ మూత పెట్టి పూడ్చాను. మాస్టారితో వానొస్తుందని చెప్పి మార్పిడి ముందుకి జరిపించాను. చీటీలు రాసేది నేనేగా, నీ మడి మాస్టారికి పడేలా చూశాను. ఆయనైతే అందరి ముందూ బల్ల మీద పెడతాడు. పదిమందిలో వీడు చెయ్యెత్తడు అనుకున్నా. టిక్కెట్టు చింపేస్తాడు, నాలుగు తిడతాడు, నువ్వాగిపోతావు. అంతే అనుకున్నా. ఇలా అవుతుందనుకోలేదు."

"అనుకోలేదా! ఆరేళ్ళు ఒకే గోడకి అటు మీరూ ఇటు నేనూ పడుకున్నాం. మీకు తెలీదా నాలుగు తిట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో? నేను లోపల గావుకేకలు పెడుతుంటే మీరేం చేసేవారు? చెప్పండి, ఏం చేసేవారు? కిటికీలు మూసేవారు! ఒక్కొక్క రెక్కా నెమ్మదిగా, చప్పుడు కాకుండా. వీధిలోకి వినపడకుండా. దెబ్బ పడుతుంటే నాకు ఆయన కంటే ఆ కిటికీ గడియల చప్పుడే ఎక్కువ వినపడేది అత్తయ్యా."

"తెలుసు."

"తెలిసీ!"

"అమ్మా, దాన్ని తిట్టనీ. బాగా తిట్టనీ. నా పని సులువవుతోంది, ఇంకో రెండు చెక్కలే."

"ఎందుకు చేశారు? నేను మీకేం తక్కువ చేశాను? మీకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చోలేదా? మీ జాకెట్లకి వంకర చేతికి సరిపడేలా చెయ్యి వదులు పెట్టి కుట్టలేదా? నేను పోతే మీకేం పోయింది?"

"నువ్వెళ్ళిపోతే ఇంట్లో నేనూ వాడే మిగుల్తాం."

"మిగిలితే? మీ కడుపున పుట్టినవాడేగా!"

"ఊఁ. నా కడుపునే పుట్టాడు."

"ఇంకేం మరి! కూర్చోబెట్టి గోరుముద్దలు తినిపించుకోండి!"

"అమ్మాయ్, చెయ్యి! వాడి చెయ్యి లోపలికొచ్చింది, గడియ కోసం వెతుకుతున్నాడు!"

"రానీ."

"కొడవలి వద్దు! ఒరే, చెయ్యి తీసెయ్‌రా! తీసెయ్, నరుకుతుంది!"

"అదా? దానికంత గుండె... అబ్బా! అమ్మా! నా వేళ్ళు! వేళ్ళు కోసేసిందే! అమ్మా!"

"తెగాయా? ఒరే, తెగిపోయాయా?"

"ఎముకదాకా దిగింది! నిన్నివ్వాళ ఇంటికి తీసుకెళ్ళాక చూడవే, నీ పది వేళ్ళూ ఒక్కొక్కటే ఆ కుట్టుమిషను సూది కింద పెడతా. ఒక్కొక్కటే! ఫోటో తీసుకుందువుగాని!"

"విన్నారుగా. ఇవ్వాళ ఆ ఇంటికి వెళ్ళానంటే నేను బతకను. ఇది వరకు లాంటిది కాదు ఇది."

"తెలుసు."

"మీకన్నీ తెలుసు. ఆ తెలుసు తప్ప ఇంకో మాట రాదు మీ నోట."

"ష్. విను."

"ఏం వినాలి ఇంకా?"

"మిషను ఆగింది."

"అమ్మా. విన్నావా? ఆగింది. వచ్చేస్తున్నారు. ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. ఇందాక నిచ్చెన అన్నావు, చెవినబడింది. బాగుంది, అదే చెప్పు. నిచ్చెన పడింది, తలుపు బిగుసుకుపోయింది, నేను గునపంతో తీయబోయి వేళ్ళు కోసుకున్నా. సరేనా? తర్వాత ఇంటికెళ్ళి ముగ్గురం నిమ్మళంగా మాట్లాడుకుందాం."

"సరేరా."

"సరేనా? అత్తయ్యా, సరేనంటున్నారా?"

"ఆ బస్తా పక్కకి జరుపు. తలుపు తీస్తా."

"మీరసలు మనిషేనా? ఛీ! మీ మొహం చూడ్డానికి కూడా నాకు..."

"చూడకు. జరుపు. వంకర చేత్తో నా వల్ల కాదు."

"తాళాలమ్మా! ఏవమ్మా తాళాలమ్మా, ఆకలి దంచేస్తోంది, త్వరగా లెక్క తేల్చెయ్ తల్లీ! ఆఁ? ఇదేంటి, తలుపుకేమైంది? అయ్యయ్యో, అమ్మాయ్, ఏంటమ్మా ఈ రక్తం! జాకెట్టంతా తడిసిపోయింది!"

"ఏం లేదు మాస్టారూ, నిచ్చెన పడింది. లోపల సర్దుతుంటే మీద పడిందట. తలుపేమో బిగుసుకుపోయింది, నేను గునపం పెట్టి తీశాను. నా వేళ్ళూ తెగాయి చూడండి."

"మళ్ళీ నిచ్చెనా! అప్పుడు తాళాలమ్మ చెయ్యి విరగ్గొట్టిందీ అదే కదూ? ఎన్నాళ్ళు కట్టుతో తిరిగిందో పాపం. ఏమ్మా తాళాలమ్మా, అంతేనా? నిచ్చెనేనా?"

"అంతేనండీ, అమ్మ కూడా చూసింది. పదవే బంగారం, ఆసుపత్రికెళ్దాం. బండి గేటు దగ్గరే ఉంది. పద."

"నేను రాను."

"నొప్పికి ఏదేదో అంటోంది మాస్టారూ. పద, పట్టుకుంటా."

"ఆగరా. లెక్క కాలేదు."

"అమ్మా! రక్తం కారుతుంటే లెక్కేంటి నీకు?"

"లెక్క కాకుండా ఎవరూ కదలరు. మాస్టారూ, లిస్టు చదవండి."

"ఇప్పుడా తల్లీ? ముందా పిల్లని..."

"పిల్లకి నర్సమ్మ కట్టు కడుతుంది. రా నర్సమ్మా, ఇటు రా, నా కోడలి పక్కన నిలబడు. మీరు చదవండి మాస్టారూ. గట్టిగా, వెనకాల వాళ్ళకీ వినపడాలి."

"సరే, నీ పట్టు నీది. పారలు, ఎనిమిది."

"ఎనిమిది."

"దంతెలు ఆరు."

"ఆరు."

"బొరిగెలు పన్నెండు."

"పన్నెండు."

"కొడవళ్ళు నాలుగు."

"నాలుగు. ఒకటి మా అమ్మాయి చేతిలో ఉంది. ఉండనివ్వండి."

"గునపాలు మూడు."

"రెండు. మూడోది నా కొడుకు చేతిలో ఉంది. తీసుకోండి మాస్టారూ. వెనకున్న మీరిద్దరూ కూడా రండి, తీసుకోండి."

"అమ్మా, ఏం చేస్తున్నావు నువ్వు?"

"ఇటివ్వు బాబూ, ఇటివ్వు. నీ వేళ్ళ నుంచి కూడా ధారలు కారుతున్నాయి. ఆఁ. గునపాలు మూడు. తట్టలు పది."

"పది."

"నీళ్ళ గొట్టాలు రెండు, కొమ్మల కత్తెర ఒకటి."

"రెండు. ఒకటి."

"అంతే. సరిపోయింది. అదేంటి, నిచ్చెన లేదేంటి ఇందులో?"

"మళ్ళీ చూడండి."

"పై నుంచి కిందిదాకా చూశానమ్మా. ఇన్నేళ్ళుగా చదువుతున్నా, ఎప్పుడూ గమనించనే లేదు. రాయడం మర్చిపోయినట్టున్నాం."

"అమ్మా! వద్దు!"

"మర్చిపోలేదు మాస్టారూ. ఈ తోటలో నిచ్చెన ఎప్పుడూ లేదు."